కరెంటు పోతే పనిచేయని మందు

2005 జూన్‌లో నేను కొత్తగూడెం దాటి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కళాశాలలో ఫార్మకాలజీ విభాగాధిపతిగా చేరాను. మా సొంతూరు మధిర. అంతకుముందు చాలా ఏళ్ళు కోస్తా వైపు కళాశాలల్లో పాఠాలు చెప్పాను. మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో చూసే శాస్త్రమే ఫార్మకాలజీ. మా విభాగంలో నా కింద ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఎలుకలనూ కుందేళ్ళనూ ఉంచే యానిమల్ హౌస్‌కు ఒక అటెండరు ఉండేవారు. హోదాలో అందరికంటే కింద ఉన్నది ఆ అటెండరే.

ఆమె పేరు మరియమ్మ. యాభై దాటిన మనిషి. పంజరాలు కడగడం, ఊక మార్చడం, మేత పెట్టడం, నీళ్ళ సీసాలు నింపడం ఆమె పని. చాలాకాలంగా షుగరు ఉండటంతో అరికాళ్ళు మండేవి. రాత్రిళ్ళు నిప్పుల మీద నిలబెట్టినట్టు ఉంటుందని చెప్పేది. ఆమె, మా కుటుంబం ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. ఆదివారం చర్చిలో నేను ఆమెను మరియమ్మక్కా అని పిలిచేవాణ్ణి, సోమవారం కాలేజీలో మరియమ్మా అనేవాణ్ణి. ఆమె మాత్రం రెండు చోట్లా నన్ను సార్ అనే పిలిచేది.

నేను చెప్పబోయేది 2007 వేసవిలో జరిగింది. పూనెం సుజాత అనే అమ్మాయి నా దగ్గర ఎం.ఫార్మసీ థీసిస్ చేస్తుండేది. దమ్మపేట అవతల అడవి అంచు ఊరు వాళ్ళది. వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్ళే ఇంట్లోంచి అక్కడిదాకా చదువుకొచ్చిన పిల్ల. తక్కువ మాట్లాడేది, ఎక్కువ రాసుకునేది. ఆమెకు నేనిచ్చిన అంశం లిగ్నోకెయిన్. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే మొద్దుబారే సూది మందు అదే. సూది వేసిన చోట మాత్రమే తిమ్మిరి ఎక్కించడం దాని పని. అదే మందును కొద్ది మోతాదులో ఒంట్లోకి, రక్తంలో కలిసేలా ఇస్తే ఒళ్ళంతటా నొప్పి తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. నరం దెబ్బతిన్న నొప్పికి కొంత పనిచేస్తుందనీ, చురుక్కుమనే మామూలు నొప్పికి పెద్దగా పనిచేయదనీ అప్పటికే నేను చదివి ఉన్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయాను.

ప్రయోగం ఇలా ఉంటుంది. తెల్ల ఎలుకను ఒక గొట్టంలో కూర్చోబెడతాం, తోక మాత్రం బయట ఉంటుంది. వేడెక్కే తీగ మీద తోకను ఆనించి స్టాప్‌వాచ్ నొక్కుతాం. చురుక్కుమనగానే ఎలుక తోకను పక్కకు లాగేస్తుంది. ఎంతసేపటికి లాగిందో రాసుకుంటాం. మందు వేశాక ఆలస్యంగా లాగితే నొప్పి తగ్గిందని అర్థం చెప్పుకుంటాం. తోక కాలకుండా ఒక గడువు ఉంటుంది, అప్పటికీ లాగకపోతే మేమే తీసేస్తాం. ఇదంతా ఎథిక్స్ కమిటీ అనుమతితోనే చేయాలి, అలాగే చేశాం. సగం ఎలుకలకు మందు, సగానికి ఉప్పునీరు. ఏ సిరంజిలో ఏముందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. సూది నేను వేసేవాణ్ణి, తోక సుజాత చూసేది. చూసేవాళ్ళకు ఏది ఏదో తెలిస్తే కన్ను మోసం చేస్తుంది, అందుకే ఈ ఏర్పాటు. ఏర్పాటు పకడ్బందీగా ఉందని నేను లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

సూది వేశాక అరగంట ఆగాలి. ఆ అరగంట ఎలుకలు వెనక గదిలో ఉండేవి. నిబంధన ప్రకారం అక్కడ ఏసీ ఉండాలి. ఉండేది కూడా, తనిఖీ వాళ్ళు వచ్చిన రోజు నడిచేది. మిగతా రోజుల్లో గది మూలన ఒక కూలర్ గాలి కొడుతుండేది. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. సింగరేణి బొగ్గూ ఎండా కలిసి మనిషిని ఉడకబెడతాయి.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. నా దగ్గరున్న కోడ్ కాగితంతో సరిచూస్తే, మందు వేసిన ఎలుకలు ఉప్పునీటి ఎలుకల కంటే చాలా ఆలస్యంగా తోక లాగుతున్నాయి. ఒక విడత కాదు, వరసగా ప్రతి విడతా అంతే. ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి టీ ఇప్పించారు. ఆయన టీ ఇప్పించడం మా కాలేజీలో చిన్న విషయం కాదు. జాతీయ సదస్సుకు పంపుదామన్నారు. పుస్తకాల్లో లేనంత బాగా ఎందుకు వస్తోందని సుజాత ఒకసారి అడిగింది. మన పద్ధతి బాగుందమ్మా అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ ఆదివారం చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో అదొక ఆనవాయితీ. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి చెప్పవచ్చు. జ్వరం తగ్గిందనీ, కొడుకు పాసయ్యాడనీ చెబుతారు, సంఘమంతా స్తోత్రం అంటుంది. నేను ఎన్నడూ లేచేవాణ్ణి కాదు. ఆ రోజు లేచాను. నొప్పి మీద మేము చేస్తున్న పరిశోధనను దేవుడు దీవించాడనీ, ఒక్క సూదితో ఒళ్ళంతా నొప్పి తగ్గే దారి దొరికిందనీ చెప్పాను. ఎలుకల్లో అని కూడా అన్నాను. కానీ ఆ మాట తగ్గించి అన్నాను, దొరికింది అన్న మాట పెంచి అన్నాను. స్తోత్రం మోగింది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న మరియమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. సంతోషించాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస. థీసిస్ ఇంకా రాయనే లేదుగా?" అంది. ఆమెకు శాస్త్రం తెలియదులే అనుకుని పెరుగు కలుపుకున్నాను.

సోమవారం పొద్దున్నే మరియమ్మ నా గది గుమ్మం దగ్గర నిలబడింది. "సార్, గా సూది నాక్కూడ ఎయ్యుండ్రి. ఎలకకు పనిచేసింది మనిషికి చెయ్యదా? నా కాళ్ళు మీకు ఎరికే గద" అంది. అది మనుషులకు వేసే మోతాదు కాదనీ, నేను వైద్యుణ్ణి కాననీ, అది రక్తంలో ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు అనీ చెప్పాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. అర్థమైందనుకున్నాను.

మర్నాడు, మంగళవారం, పొద్దుటి నుంచీ కరెంటు లేదు. మా కాలేజీలో జనరేటర్ లైను ల్యాబుకు మాత్రమే ఉండేది, వెనక గదికి లేదు. కాబట్టి తోక పరీక్ష ఆగలేదు. సాయంత్రం కోడ్ విప్పి చూస్తే రెండు గుంపుల మధ్య తేడా దాదాపు లేదు. మందు పాతదేమో అనుకుని మర్నాడు కొత్త సీసా తెరిచాను. మర్నాడు కరెంటు ఉంది, మందు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ మర్నాడు కరెంటు మళ్ళీ పోయింది, మందూ పోయింది.

సుజాత తన నోట్సు ముందు పెట్టుకుని, "సార్, మీరు నవ్వొద్దు. కరెంటు పోతే మన మందు పనిచేస్తలేదు" అంది.

నేను నవ్వాను. నవ్వుతూనే ఆమె నోట్సులో తేదీలు చూశాను. లేచి వెనక గదిలోకి వెళ్ళాను. కరెంటు అప్పుడే వచ్చి కూలర్ తిరుగుతోంది. నేను కాసేపటి కిందట సూది వేసిన చివరి విడత పంజరాలను మరియమ్మ సర్దుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె ప్రతి పంజరంలోకీ తొంగి చూసి, కొన్నిటిని ఎత్తి కూలర్ ముందు పెట్టి, వాటిమీద తడిపిన గోనెపట్టా కప్పింది. మిగతావాటిని ఎండ కొట్టే గోడ పక్కనే వదిలేసింది. ఇలా ఎందుకు చేస్తున్నావని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"సూదేసినంక కొన్ని మెత్తబడుతున్నయి సార్, తలకాయ ఎత్తుతలేవు. పాపం, ఎండకు తట్టుకోలేకున్నయని సల్లగ గాలి తాకేతట్టు పెడుతున్న. మిగిలినవి మంచిగనే ఉరుకుతున్నయి, గవి ఏడున్న ఏంది?" అంది.

లిగ్నోకెయిన్ ఒంట్లోకి వెళితే కాస్త మత్తుగా ఉంటుంది. అంటే ఆమె ఏరి చల్లని చోట పెడుతున్నవన్నీ మందు వేసినవే. నేను కాగితంలో దాచిపెట్టిన కోడ్‌ను ఆమె జాలి రోజూ విప్పేస్తోంది, ఆమెకు తెలియకుండానే. కాసేపాగి పంజరంలో చెయ్యి పెట్టి గోనెపట్టా కింది ఎలుక తోక పట్టుకున్నాను. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. గోడ పక్క ఎలుక తోక వెచ్చగా ఉంది. చల్లగా ఉన్న తోకకు వేడి ఆలస్యంగా తగులుతుంది, ఎలుక ఆలస్యంగా లాగుతుంది. ఇందులో మందు ప్రమేయం ఏమీ లేదు. కరెంటు లేని రోజు కూలర్ ఆగింది, నీళ్ళ మోటారు నడవక గోనెపట్టాలు ఎండిపోయాయి, మందు 'పనిచేయలేదు'.

ఇకనుంచి అన్ని పంజరాలూ ఒక్క చోటే, ఒకే వరసలో ఉంచమని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. సరే సార్ అంది. అలా ఉంచి ఇంకో విడత చేశాం. తేడా లేదు. మళ్ళీ చేశాం, లేదు. సుజాత ముఖం వైపు చూడలేకపోయాను. నిజానికి ఆ పిల్ల ఏడవలేదు. ముందటి రీడింగులన్నీ కొట్టేసి మళ్ళీ మొదలుపెడదాం సార్ అంది. పని కష్టం ఆమెది, సిగ్గు నాది.

అయినా అప్పటికింకా ఆ సిగ్గు కాలేజీ గోడల మధ్యే ఉంది. పత్రిక ఏదీ అచ్చు వేయలేదు, సదస్సుకు పోలేదు. చర్చిలో చెప్పిన మాటకు రెక్కలొచ్చాయని శనివారం సాయంత్రం తెలిసింది. బస్టాండు పక్క హోటల్లో టీ తాగుతుంటే మా వైపు తిరిగే ఆర్ఎంపీ డాక్టరు స్కూటరు ఆపి నా దగ్గరికి వచ్చాడు. డాక్టరు అంటే చదివినవాడు కాదు, ఊళ్ళు తిరిగి సూదులు వేసేవాడు. చెడ్డవాడు కూడా కాదు.

"నమస్తె సార్. గా మొద్దుబారే మందు నరానికి ఎన్ని సీసీ ఎక్కియ్యాలె? మరియమ్మ సోమారం ఎయ్యిమన్నది" అన్నాడు.

గ్లాసు కింద పెట్టేశాను. ఎక్కించవద్దనీ, కొలత తప్పితే మనిషి అక్కడికక్కడే పోతుందనీ చెప్పాను. పైగా అసలు పనిచేస్తుందని తేలలేదన్నాను. అతను నావైపు వింతగా చూశాడు.

"మీరే చర్చిల నిలబడి చెప్పిన్రంట గద సార్? నేను ఎయ్యకుంటే ఇంకొకని కాడికి పోతది. నాకు గాదు, ఆమెకు చెప్పుండ్రి."

అక్కడి నుంచి నేరుగా మరియమ్మ ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళుగా ఒకే చర్చిలో ఉన్నా ఆ గడప ఎక్కడం అదే మొదటిసారి. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళ మీద తడి గోనెపట్టా. నన్ను చూసి గబుక్కున తీసేయబోయింది, వద్దన్నాను. ప్రయోగం తప్పిపోయింది, ఆ సూది వేయించుకోవద్దు అని చెప్పాను. ఎలా తప్పిందో మాత్రం చెప్పలేదు. ఆమె చేతులే తప్పించాయని ఆమె ముఖం మీద ఎలా చెప్పను? దానివల్ల నా మాటలో బలం లేకుండా పోయింది.

"మీరు కాలేజోళ్ళ భయానికి గట్లంటున్నరు సార్. సాక్ష్యం తప్పైతదా ఏంది? దేవుని ముంగట చెప్పిన్రు" అంది. ఎంత చెప్పినా అదే మాట. చివరికి, "సోమారం పోతనే. చస్తే చస్త, గీ మంటకన్న నయమే" అని గోడవైపు తిరిగింది.

అప్పుడు నాకు ఒకటే దారి కనిపించింది. ఎక్కడ నిలబడి చెప్పానో అక్కడే నిలబడి కాదనాలి. ఆ దారినే పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. సాక్ష్యం చెప్పడం తెలుసుగానీ వెనక్కి తీసుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదట. "ఊరికె ఉండుండ్రి బ్రదర్, జనమే మర్సిపోతరు" అన్నారు. జనం మరిచిపోయేలోపే మరియమ్మ సూది వేయించుకునే సోమవారం వచ్చేస్తుంది అన్నాను. ఇక ఆయన అడ్డు చెప్పలేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. అందరూ ఇంకో మేలు వినబోతున్నట్టు నావైపు తిరిగారు. ముందే స్తోత్రం అన్నవాళ్ళు కూడా ఉన్నారు. పోయినవారం నేను చెప్పింది నిజం కాదన్నాను. నొప్పి తగ్గించే మందు దొరకలేదన్నాను. మందు వేసిన ఎలుకలు కూలర్ ముందు, తడి గోనెపట్టా కింద ఉన్నాయనీ, వాటి తోకలు చల్లబడటంతో వేడి ఆలస్యంగా తగిలిందనీ, దాన్నే నేను మందు మహిమ అనుకున్నాననీ చెప్పాను. ఆ సూది ఎవరూ వేయించుకోవద్దు, ప్రాణం పోతుంది అన్నాను. పంజరాలు ఎవరు జరిపారో చెప్పలేదు. వెనక కుర్రాళ్ళెవరో కిసుక్కుమన్నారు. స్తోత్రం అనాలా వద్దా అని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ అనలేదు. కూర్చోవడానికి చాప ఎక్కడుందో కనపడలేదు. జీవితంలో అంత సిగ్గుపడింది లేదు. అయ్యగారు త్వరగా పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే మరియమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"జరిపింది నేనే గద సార్?"

"అవునక్కా" అన్నాను.

ఆమెకు కోపం వస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. తన కాళ్ళవైపు చూసుకుంది.

"నా కాళ్ళకు ఏసుకునే గోనెపట్టానే గవాటికి గప్పిన. గది సల్లగుంటదని నాకెరికే. పట్టా నేనేస్తి, మందు మీరేస్తిరి. ఏది పనిచేసిందో సూడకుంట మీరు సాక్ష్యమెట్ల చెప్పిన్రు సార్?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. నెమ్మదిగా, మడమల మీద బరువు వేయకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. సోమవారం ఆర్ఎంపీ దగ్గరికి మాత్రం పోలేదు, మామూలు వేళకే కాలేజీకి వచ్చి పంజరాలు కడిగింది. తర్వాతి వారం ఆమెను ఖమ్మం దవాఖానాకు తీసుకువెళ్ళాను. షుగరు వల్ల వచ్చే మంటకు వేరే మాత్రలున్నాయి, రాసిచ్చారు. మంట పూర్తిగా పోలేదుగానీ నిద్ర పట్టేంతగా తగ్గింది. ఇది నా గొప్పగా చెప్పడం లేదు. ఆమె కాళ్ళ సంగతి తెలిసి కూడా రెండేళ్ళు చేయని పని అది.

సుజాత మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఈసారి ప్రతి ఎలుకకూ తోక వేడి కొలిచి, అది సమానంగా ఉన్నాకే పరీక్షించింది. ఆ మోతాదులో లిగ్నోకెయిన్ వేడి నొప్పిని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. మోతాదు పెంచితే ఎలుకలు సరిగ్గా నడవలేక తూలాయి. తూలే ఎలుక తోక ఆలస్యంగా లాగితే దాన్ని నొప్పి తగ్గడం అనకూడదు. ఆమె అదే రాసింది. ఏమీ లేదని రాయడానికి ఇంత కరెంటు, ఇంత మేత దండగ చేశారా అని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఆ తర్వాత టీ ఇప్పించలేదు. వైవాకు వచ్చిన బయటి పరీక్షకుడు కూలర్ సంగతి రాసిన పేజీ దగ్గర ఆగి రెండుసార్లు చదివి, ఇది ముందుగా కనిపెట్టింది ఎవరని అడిగాడు. "కరెంటు, సార్" అంది సుజాత. పాసయింది. కుర్రాళ్ళు నాకు కూలర్ సార్ అని పేరు పెట్టారు. పదవీ విరమణ దాకా అదే పేరు.

ఆ ఏడాది నుంచి మా విభాగం పద్ధతుల్లో రెండు వాక్యాలు చేరాయి. ఎలుకలను ఉంచే చోటు కూడా ప్రయోగంలో భాగమే, అది ముందే రాసుకోవాలి. స్టాప్‌వాచ్ నొక్కే ముందు తోక వేడి కొలవాలి. ఈ రెండూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పుస్తకంలో లేనిది, నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. తోక ఎప్పుడు కదిలిందో మాత్రమే మా గడియారం చెప్పింది. నొప్పి తగ్గిందని గడియారం అనలేదు, ఎలుక అనలేదు. లేచి నిలబడి అన్నది నేనే.